నార్స్ పురాణాలు: ఏగిర్ దేవతల పక్షమా, రాక్షసుల పక్షమా?

వేకువచుక్క
నార్స్, అంటే పాత స్కాండినేవియా పురాణాల్లోని ఏగిర్ మీద తెలుగులో ఒక వ్యాసం కోసం వివరాలు కావాలి. ఒక చోట సముద్ర దేవుడంటారు, ఇంకో చోట యోటున్, అంటే రాక్షసజాతివాడంటారు. దేవతలందరికీ విందులు చేస్తాడంటారు, మునిగిపోయిన నావికులు అతని భార్య వలలో పడతారనీ అంటారు. అతని మేడ సముద్రం అడుగున ఉందా? అతని తొమ్మిదిమంది కూతుళ్లే హైమ్‌దాల్ అనే దేవుడికి తల్లులా? నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఏ మాట ఏ మూలంలో ఉందో చెప్పగలిగితే మేలు.

తాటాకు
ముందు మూలాలను విడదీసి పెట్టుకోండి. వాటిని కలిపేసి ఒకే కథగా చెప్పడం వల్లే ఈ గందరగోళమంతా.

ఏగిర్ ముఖ్యంగా కనిపించేది మూడు చోట్ల. ‘హిమిస్‌క్విద’, ‘లోకసెన్న’ అనే రెండు పద్యకృతులు సుమారు 1270లో ఐస్‌లాండ్‌లో రాసిన కోడెక్స్ రెగియస్ అనే రాతప్రతిలో పక్కపక్కనే ఉన్నాయి. మూడోది ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ సుమారు 1220లో కూర్చిన ఎడ్డాలోని ‘స్కాల్డ్‌స్కాపర్‌మాల్’. ఇది వచనం, కవులకు పాఠ్యగ్రంథం లాంటిది. ఇవి కాక పాత ఆస్థానకవుల పద్యాల్లో, సాగాలనే వచన గాథల్లో చెదురుమదురు ప్రస్తావనలు ఉన్నాయి.

యోటునా కాదా అన్నదానికి హిమిస్‌క్విద సూటిగా జవాబిస్తుంది. రెండో పద్యంలో అతన్ని ‘కొండల్లో ఉండేవాడు’ అంటుంది. అది రాక్షసులకు వాడే మాటే. మూడో పద్యంలో నేరుగా ‘యోటున్’ అనేస్తుంది. స్నోరి మాత్రం “ఏగిర్ లేక హ్లేర్ అనే ఒక మనిషి ఉండేవాడు, హ్లేసే దీవిలో కాపురం, గొప్ప మాంత్రికుడు” అని మొదలుపెడతాడు. స్నోరి క్రైస్తవుడు. పాత దేవతలను పూర్వకాలపు మనుషులుగా చెప్పడం అతని పద్ధతి. కాబట్టి ఆ ‘మనిషి’ అన్న మాట మీద మేడలు కట్టకండి. దేవతల వంశాలైన ఏసిర్‌లో గానీ వానిర్‌లో గానీ ఏగిర్‌ను ఏ మూలమూ చేర్చలేదు.

ఉప్పుగాలి
మేడ సంగతి నేను చెబుతాను. సముద్రం అడుగున ఉందని ఈ మూడింట్లోనూ లేదు. స్నోరి చెప్పింది దీవి. ఆ హ్లేసే ఇప్పటి లేసో. డెన్మార్క్‌కూ స్వీడన్‌కూ మధ్య ఉన్న కట్టెగాట్ జలాల్లో డెన్మార్క్‌కు చెందిన దీవి అది. ఫ్రెడెరిక్స్‌హావ్న్ రేవు నుంచి ఫెర్రీలో గంటన్నర. మధ్యయుగాల్లో అక్కడ ఉప్పు కాచేవాళ్లు, తర్వాతి కాలంలో ఇళ్ల మీద సముద్రపు నాచు కప్పేవాళ్లు. సముద్రపు రాక్షసుడికి తగిన ఊరే.

అదే దీవి ఇంకో కవితలో కూడా ఉంది. ‘హార్బార్డ్స్‌ల్యోద్’లో ఉరుముల దేవుడు థోర్ తాను హ్లేసేలో బెర్సెర్కుల (పూనకంతో పోరాడే యోధుల) ఆడవాళ్లతో పోరాడానని చెప్పుకుంటాడు. వాళ్లు తన ఓడను ధ్వంసం చేశారట, ఇనుప గదలతో బెదిరించారట, సేవకుడు త్యాల్ఫీని తరిమారట. వాళ్లు అలలేనని కొందరు పండితులు అంటారు, కవితలో మాత్రం ఆ మాట లేదు.

వేకువచుక్క
మరి విందుల గొడవ ఎక్కడ మొదలైంది? ఏగిర్ తనంతట తానే పిలిచాడా?

తాటాకు
హిమిస్‌క్విద ప్రకారం పిలవలేదు, పిలిపించుకున్నారు. అసలు కీలకం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చూద్దాం.

దేవతలు వేటాడి మాంసం తెచ్చుకున్నారు, తాగడానికి లేదు. పుల్లలు విదిల్చి, బలి నెత్తురు చూసి శకునం అడిగారు. ఏగిర్ దగ్గర కొప్పెరలు దండిగా ఉన్నాయని తేలింది. ఏగిర్ చిన్నపిల్లాడిలా హాయిగా కూర్చుని ఉన్నాడు. థోర్ వచ్చి కళ్లలోకి గుడ్లురిమి చూసి “నువ్వు ఏసిర్‌కు తరచూ విందు చెయ్యాలి” అన్నాడు. అడగడం లేదు, ఆజ్ఞే. ఏగిర్‌కు ఒళ్లు మండింది. ‘దేవతల మీద పగ తీర్చుకోవాలనుకున్నాడు’ అని పద్యంలోనే ఉంది. ఎదురు తిరిగితే థోర్ చేతిలో సుత్తి ఉంది కదా. అందుకని తెలివిగా ఒక షరతు పెట్టాడు: “మీ అందరికీ ఒకేసారి బీరు కాచేంత కొప్పెర తెచ్చిపెట్టు.” తేలేరనే ధీమా.

అప్పుడు దేవతల్లో ఒకడైన టీర్ చెప్పాడు: తూర్పున ఎలివాగర్ నదుల అవతల, ఆకాశం అంచున తన తండ్రి హిమిర్ ఉంటాడని, అతని దగ్గర ఒక ‘రాస్త్’ లోతున్న కొప్పెర ఉందని. రాస్త్ అంటే ఒక మజిలీ దూరం.

అక్కడి నుంచి వరసగా జరిగేవి ఇవి. హిమిర్ ఇంట్లో తొమ్మిది వందల తలల అవ్వ ఎదురవుతుంది. టీర్ తల్లి వాళ్లిద్దరినీ కొప్పెరల వెనక దాచుతుంది. గడ్డం గడ్డకట్టి, మంచుపలుకులు గలగలలాడుతుంటే హిమిర్ వస్తాడు. అతను చూసిన చూపుకే స్తంభం పగిలి, దూలం విరిగి, ఎనిమిది కొప్పెరలు కిందపడి పగులుతాయి. గట్టిగా సాగగొట్టినది ఒక్కటే మిగులుతుంది. భోజనానికి మూడు ఎద్దులు కోస్తే రెండింటిని థోర్ ఒక్కడే తినేస్తాడు. దాంతో మర్నాడు చేపల వేట. హిమిర్ రెండు తిమింగలాలు లాగుతాడు, థోర్ ఎద్దు తల ఎర వేసి మహాసర్పం యోర్మున్‌గాండ్‌ను లాగుతాడు. ఆ తర్వాత పగలని గ్లాసు పరీక్ష. స్తంభాలకేసి కొడితే స్తంభాలే విరుగుతాయి. టీర్ తల్లి చెప్పిన కిటుకుతో హిమిర్ నుదుటికేసి కొడితేనే గ్లాసు పగులుతుంది. చివరికి కొప్పెర. టీర్ రెండుసార్లు ప్రయత్నించినా కదలదు. థోర్ ఎత్తి నెత్తిన బోర్లించుకుంటే దాని కడియాలు మడమల దగ్గర గలగలలాడతాయి. వెంటపడిన రాక్షసులను సుత్తితో చంపి కొప్పెర తెస్తాడు. అప్పటి నుంచి దేవతలకు ఏగిర్ ఇంట్లో విందు ఖాయం.

రెండో_అభిప్రాయం
ఒక హెచ్చరిక. స్నోరి తన ఎడ్డాలోని ‘గిల్ఫగిన్నింగ్’లో ఇదే చేపల వేట చెబుతాడు గానీ అక్కడ కొప్పెర లేదు, టీర్ లేడు, ఏగిర్ ఊసే లేదు. భయపడిన హిమిర్ తాడు కోసేస్తాడు. థోర్ కాళ్లు పడవ అడుగు చీల్చుకుని సముద్రపు నేలకు తగిలాయన్నది స్నోరి వివరమే, హిమిస్‌క్విదలో లేదు. స్వీడన్‌లో ఆల్తునా దగ్గరి 11వ శతాబ్దపు రూన్‌శిల (పాత రూన్ లిపి చెక్కిన రాయి) మీద మాత్రం పడవలోంచి కిందికి దిగిన కాలు చెక్కి ఉంది. అంటే వేట కథ పాతది, విడిగానే చలామణిలో ఉంది. దాన్ని ఏగిర్ విందుకు ముడిపెట్టింది హిమిస్‌క్విద కవి.

ఇంకొకటి. టీర్‌ను ఇక్కడ హిమిర్ కొడుకంటారు, స్నోరి దేవతల పెద్ద అయిన ఓడిన్ కొడుకంటాడు. వ్యాసంలో రెండూ పక్కపక్కన పెట్టి వదిలేయండి.

గట్టుమీద
చిన్న సందేహం. ఏగిర్ దగ్గర కొప్పెరలు దండిగా ఉన్నాయని శకునం చెప్పింది కదా, మరి ఒక్క పెద్దదాని కోసం ఇంత తంటా ఎందుకు? నాలుగు విడతలుగా కాచుకోవచ్చు కదా?

ఉప్పుగాలి
బీరు కాచే పని తెలిస్తే ఆ షరతులోని మెలిక అర్థమవుతుంది. బార్లీని నానబెట్టి మొలక రానివ్వాలి, ఎండబెట్టి దంచాలి, వేడినీళ్లలో కలిపి తియ్యటి ద్రవం దించాలి, దాన్ని పులియబెట్టాలి. ఆ కాలపు ఉత్తరదేశాల్లో హాప్స్ అనే చేదు పూల వాడకం ఇంకా స్థిరపడలేదు, రుచికి వేరే ఆకులూ కొమ్మలూ వేసేవాళ్లు. హాప్స్ లేని బీరు నిలవ ఉండదు, తొందరగా పులుపెక్కుతుంది. విడతలుగా కాస్తే మొదటి విడత చెడుతుంది, చివరిది ఇంకా పచ్చిగా ఉంటుంది. బంతిలో సగం మంది తాగుతుంటే సగం మంది చూస్తూ కూర్చోవాలి. విందుకు పిలిచినవాడికి అంతకన్నా తలవంపు లేదు. ‘అందరికీ ఒకేసారి’ అన్న మాటలోనే ఏగిర్ తెలివంతా ఉంది. ఇది పద్యంలో ఉన్న వివరణ కాదు, నేను అన్వయించుకున్నది.

గట్టుమీద
బాగుంది. ఇంతకీ ఇతను మన వరుణుడి లాంటివాడా?

రెండో_అభిప్రాయం
వరుణుడి పోలిక పెట్టాల్సివస్తే న్యోర్డ్‌కు పెట్టండి. న్యోర్డ్ వానిర్ దేవత, నివాసం నోవాతూన్. గాలిని నడిపిస్తాడు, సముద్రాన్నీ నిప్పునూ శాంతింపజేస్తాడు. ప్రయాణానికీ చేపల వేటకూ అతన్ని మొక్కాలని స్నోరి రాశాడు. ఏగిర్ సముద్రాన్ని పాలించేవాడు కాడు, సముద్రమే అతను. రామాయణంలో రాముడు బాణం ఎక్కుపెడితే బయటికొచ్చిన సముద్రుడు గుర్తున్నాడా, అతనికి దగ్గర. పోలిక అంతవరకే. ఏగిర్‌కు గుడి గానీ, అతని పేరు మీద పూజ జరిగినట్టు రుజువు గానీ లేదు.

‘నార్వే దొరికిన వైనం’ అనే వంశగాథలో ఫోర్న్‌యోత్ అనే పాత రాజుకు ముగ్గురు కొడుకులు: హ్లేర్, లోగి, కారి. నీరు, నిప్పు, గాలి. “హ్లేర్‌నే మనం ఏగిర్ అంటాం” అని అక్కడే ఉంది. ఓర్క్నీ దీవుల పాలకులైన జార్ల సాగా మొదట్లో ఈ వంశం వస్తుంది. సముద్రమే అతను అనడానికి ఇదొక ఆధారం.

తాటాకు
ఇక లోకసెన్న. మొత్తం 65 పద్యాలు, ముందూ వెనకా కొంచెం వచనం. హిమిర్ కొప్పెర దొరికాక ఏగిర్ విందు చేశాడని ముందు వచనం చెబుతుంది. రెండు కవితలకూ ముడి వేసింది ఆ వాక్యమే. మేడలో నిప్పుకు బదులు బంగారమే వెలుగిస్తోంది, బీరు తనంతట తానే వడ్డించుకుంటోంది. ఆ చోటు శాంతిస్థలం, అక్కడ నెత్తురు చిందడం మహాపరాధం. అతిథులు ఏగిర్ సేవకులు ఫిమఫెంగ్, ఎల్దిర్‌లను మెచ్చుకున్నారు. దేవతల మధ్యే తిరిగే జిత్తులమారి లోకి అది ఓర్వలేక ఫిమఫెంగ్‌ను చంపేశాడు. ఎవరో అవమానిస్తే వచ్చిన కోపం కాదు, పనివాళ్లను పొగిడితే వచ్చిన కడుపుమంట.

దేవతలు డాళ్లు చరుస్తూ అడవిలోకి తరిమారు. మళ్లీ వచ్చాడు. గుమ్మంలో ఎల్దిర్‌ను కదిపి, లోపలి ముచ్చట ఏమిటో ఆరా తీసి మరీ అడుగుపెట్టాడు. నీకు ఇక్కడ చోటు లేదని కవితల దేవుడు బ్రాగి అంటే, లోకి ఓడిన్‌కు పాత ఒట్టు గుర్తుచేశాడు: ఇద్దరూ నెత్తురు కలుపుకున్నారు, ఇద్దరికీ పోస్తే తప్ప ఓడిన్ బీరు ముట్టనన్నాడు. దాంతో ఓడిన్ కొడుకు విదార్ లేచి చోటివ్వాల్సివచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరి గుట్టూ విప్పుతాడు. థోర్ తూర్పు ప్రయాణం నుంచి వచ్చి సుత్తి చూపి నాలుగుసార్లు బెదిరించాకే బయటికి కదిలాడు.

గమనించాల్సింది: తన ఇంట్లో, తన పనివాడు చచ్చిపోయి, ఇంత రభస జరుగుతుంటే ఏగిర్ ఒక్క మాట మాట్లాడడు. 65 పద్యాల్లో అతనికి సంభాషణే లేదు. అయినా లోకి చివరి పద్యం అతని మీదే: నువ్వు బీరు కాచావు, ఇక ఎప్పుడూ విందు చేయలేవు, నీ ఆస్తి అంతటి మీదా మంటలు ఆడాలి, నీ వీపు కాలాలి అని శాపం. తన తప్పేమీ లేకుండా తిట్టు తిన్నది ఇతనే.

వేకువచుక్క
స్నోరి చెప్పే విందు ఇదేనా?

రెండో_అభిప్రాయం
అదే విందు, కానీ మర్యాద మారిపోయింది. స్నోరి దగ్గర ముందుగా ఏగిరే దేవతల నివాసమైన ఆస్‌గార్డ్‌కు వెళ్తాడు. దేవతలు కనికట్టు చేస్తారు, మేడలో కత్తుల వెలుగే దీపాలు. ఏగిర్ పక్కన కూర్చున్న బ్రాగి అతను అడిగినవాటికి జవాబులు చెబుతాడు: ఇదున్ అనే దేవత ఆపిళ్ల అపహరణ, రాక్షసుడు త్యాజి చావు, కవితామధువు పుట్టుక. ఆ ప్రశ్నోత్తరాలే స్కాల్డ్‌స్కాపర్‌మాల్‌కు చట్రం. వెళ్లేటప్పుడు ఏగిర్ “మూడు నెలలకు మా ఇంటికి రండి” అంటాడు. గుడ్లురమడాలు లేవు, కొప్పెర లేదు. రాక్షసజాతివాడు కూర్చుని దేవతలు రాక్షసులను ఎలా చంపారో వింటూ తాగడం నాకైతే ఎప్పుడూ వింతే.

కాలక్రమం కలపబోయి దెబ్బతినకండి. ఆస్‌గార్డ్ విందు జాబితాలో ఓడిన్ కొడుకు బాల్డర్ లేడు గానీ అతని భార్య నన్నా ఉంది. ఆమె బాల్డర్ చితి దగ్గరే గుండె పగిలి చనిపోయిందని స్నోరే వేరేచోట రాశాడు. లోకసెన్నలో బాల్డర్ అప్పటికే లేడు, అది తన పనేనని లోకి ఒప్పుకుంటాడు. వీటిని ఒక వరసలో పెట్టడం ఎవరివల్లా కాదు.

సమాసవిగ్రహం
ఆ బంగారం వెలుగు దగ్గర ఆగండి, కవులకు కావలసింది అదే. బంగారాన్ని ‘ఏగిర్ నిప్పు’ అని ఎందుకంటారన్న ప్రశ్నకు జవాబుగానే స్నోరి ఈ విందు చెప్పాడు. కత్తులు ఓడిన్ మేడకు దీపాలైతే, మెరిసే బంగారం ఏగిర్ మేడకు దీపం.

ఇలాంటి కెన్నింగ్, అంటే ఒక వస్తువును డొంకతిరుగుడుగా చెప్పే సమాసం, విప్పే పద్ధతి: ముందు చివరి మాట చూడండి, నిప్పు గానీ వెలుగు గానీ సూర్యుడు గానీ ఉందా? తర్వాత దాన్ని పట్టుకున్న మాట చూడండి. నీటికి సంబంధించిన ఏ పేరైనా, ఏగిర్, అతని భార్య రాన్, అల, నది, ఏదైనా సరే, మొత్తం కలిపితే బంగారం. యుద్ధమో డాలో ఓడినో ఉంటే అదే నిప్పు కత్తి అవుతుంది. చెయ్యి ఉంటే మళ్లీ బంగారమే, కడియం కాబట్టి. ఆ పైన ఇంకో మెట్టు: ‘అలనిప్పును పంచేవాడు’ అంటే దాత అయిన రాజు. తప్పు ఎక్కువగా రెండో మెట్టులో జరుగుతుంది. ఇంకో చిక్కు, ‘ఏగిర్’ అంటే మామూలుగా సముద్రమని కూడా. రాతప్రతుల్లో పేరుకు పెద్దక్షరం ఉండదు కాబట్టి అది వ్యక్తా నీరా అన్నది ఒక్కోచోట సంపాదకుడి నిర్ణయమే. పెద్దక్షరం చూసి “ఇక్కడ ఏగిర్ దేవుడు” అని రాసేయకండి.

ఉప్పుగాలి
రాన్ గురించి. ఆమె దగ్గర వల ఉందని, సముద్రంలోకి వచ్చిన మనుషులందరినీ అందులో పట్టుకుంటుందని దేవతలకు తెలిసింది కూడా ఆ విందులోనే, స్నోరి మాట. వల అరువిచ్చిన సందర్భమూ ఉంది: ‘రెగిన్స్‌మాల్’ ముందు వచనంలో, చేప రూపంలో ఉన్న మరుగుజ్జు ఆంద్వారిని పట్టడానికి లోకి రాన్ దగ్గరికి వెళ్లి వల తెచ్చుకుంటాడు. ఏగిర్ ఇంటితో లోకికి అంత చనువుండేదన్నమాట.

మునిగిన వాళ్ల విషయంలో సాగాలు చక్కటి వివరాలిస్తాయి. ‘ఫ్రిత్యోఫ్ సాగా’లో ఓడ మునిగేలా ఉంటే నాయకుడు బంగారు కడియం నరికి తన వాళ్లందరికీ పంచుతాడు, రాన్ ఇంటికి వట్టిచేతులతో వెళ్లకూడదని. ‘ఐర్‌బిగ్యా సాగా’లో మునిగిపోయినవాళ్లు తడిబట్టలతో తమ దినపు విందుకు వస్తారు. జనం భయపడరు సరికదా, రాన్ ఆదరించిందన్నమాట అని సంతోషిస్తారు.

కూతుళ్లు తొమ్మిదిమంది: హిమింగ్లేవ, దూఫ, బ్లోదుగ్‌హద్ద, హెఫ్రింగ్, ఉద్, హ్రోన్, బిల్గ్య, బార, కోల్గ. స్నోరి ఇంకో జాబితాలో బారకు బదులు ద్రోఫ్న్ ఉంటుంది. పేర్లన్నీ అలల రకాలే. వీళ్లు మంచివాళ్లేం కాదు. హెల్గి అనే వీరుడి మీద ఉన్న ఒక కవితలో ఏగిర్ కూతురు ఓడను తలకిందులు చేయబోతే వాల్కిరీ (యుద్ధకన్య) సిగ్రూన్ కాపాడుతుంది.

వేకువచుక్క
హైమ్‌దాల్ తల్లులు వీళ్లేనా?

తాటాకు
హైమ్‌దాల్ తొమ్మిదిమంది తల్లుల కొడుకన్నది ఖాయం. కానీ ‘హిండ్లుల్యోద్’ ఇచ్చే తొమ్మిది పేర్లు పూర్తిగా వేరు: గ్యాల్ప్, గ్రైప్, ఐస్త్లా, ఐర్గ్యాఫ, ఉల్ఫ్‌రూన్, అంగైయ, ఇమ్ద్, ఆత్లా, యార్న్‌సాక్స. ఒక్కటీ కలవదు. అతనికి నేల, చల్లటి సముద్రం బలమిచ్చాయని అదే కవితలో ఉంది కాబట్టి అలల ఊహ పుట్టింది. ఊహగానే రాయండి.

ఇలాంటిదే గిమిర్ చిక్కు. లోకసెన్న వచనం “ఏగిర్‌కు గిమిర్ అని మరో పేరు” అంటుంది. ఫ్రేయ్ దేవుడి భార్య గెర్ద్ తండ్రి పేరూ గిమిరే. ఇద్దరూ ఒకరే అయితే ఫ్రేయ్ ఏగిర్‌కు అల్లుడు. కానీ గెర్ద్ తల్లి ఔర్‌బోద, రాన్ కాదు. తొమ్మిదిమందిలో గెర్ద్ పేరూ లేదు. వంశవృక్షం బొమ్మ వేస్తే అక్కడ చుక్కల గీత పెట్టండి.

సమాసవిగ్రహం
ఒక్క పద్యం చెప్పకుండా ఏగిర్ వ్యాసం ముగించకండి. ఐస్‌లాండ్ కవి ఎగిల్ స్కల్లాగ్రిమ్సన్ కొడుకు బోద్వార్ బోర్గార్‌ఫ్యోర్ద్‌లో మునిగి చనిపోతే, ఎగిల్ సుమారు 960లో ‘సోనాతోరెక్’ అనే శోకగీతం చెప్పాడు, 25 పద్యాలు. రాన్ నన్ను దోచుకుంది అంటాడు. కత్తితో పగ తీర్చుకునే వీలుంటే ‘బీరు కాచేవాడి’ పని అయిపోయేదంటాడు. దేవతలకు విందు చేసే ఆతిథేయుడే నావికుడి ఇంటికి హంతకుడు. నా మటుకు విందు కథలన్నిటికంటే ఇదే బరువైన సాక్ష్యం, ఎందుకంటే ఇది కథ కోసం చెప్పింది కాదు.

రెండో_అభిప్రాయం
ఒప్పుకోను. ఎగిల్ పద్యం సముద్రం మీది కోపం, దేవతలతో సంబంధానికి సాక్ష్యం కాదు. అందులో కోపం ఓడిన్ మీదికీ మళ్లుతుంది, తర్వాత అతనితోనే రాజీ. వ్యాసం దేవతలతో అతని సంబంధం గురించైతే అసలు ఆధారం హిమిస్‌క్విద రెండు, మూడు పద్యాలే. హాయిగా కూర్చున్నవాణ్ని థోర్ లొంగదీసుకున్నాడు, అతను పగ మనసులో పెట్టుకునే వడ్డించాడు. స్నోరి దాన్ని పెద్దమనుషుల రాకపోకలుగా నునుపు చేశాడు.

సమాసవిగ్రహం
‘బీరు కాచేవాడు’ అని ఎగిల్ అన్నాడంటే దేవతల విందు సంగతి అప్పటికే శ్రోతలకు తెలుసు. అది సంబంధానికి సాక్ష్యం కాదా?

రెండో_అభిప్రాయం
విందుకు సాక్ష్యం, సరే. ఆ విందు ఇష్టంగా చేశాడా, బలవంతంగా చేశాడా అన్నది అందులో లేదు.

గట్టుమీద
మధ్యలో చిన్న మాట. ఎప్సిలాన్ ఎరిడాని అనే నక్షత్రానికి 2015లో అంతర్జాతీయ ఖగోళ సంఘం రాన్ అనీ, దాని గ్రహానికి ఏగిర్ అనీ పేర్లు పెట్టింది. మనకు సుమారు 10.5 కాంతి సంవత్సరాల దూరం. శని ఉపగ్రహం ఒకదానికీ ఏగిర్ పేరే.

వేకువచుక్క
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న: రాగ్నరోక్‌లో, అంటే లోకాంతపు యుద్ధంలో, ఏగిర్ ఏమవుతాడు? ఎవరి వైపు పోరాడతాడు?

తాటాకు
ఎవరి వైపూ కనపడడు. ‘వోలుస్పా’ అనే పద్యకృతిలో గానీ, స్నోరి వర్ణనలో గానీ ఎవరు ఎవరితో తలపడతారో పేర్లతో ఉంది. ఓడిన్ ఫెన్రిర్ అనే తోడేలుతో, థోర్ యోర్మున్‌గాండ్‌తో, ఫ్రేయ్ నిప్పు రాక్షసుడు సుర్ట్‌తో. అందులో ఏగిర్ లేడు, రాన్ లేదు. అతని అంతం గురించి దొరికేదల్లా లోకి శాపంలోని ఆ మంటలే. ఎక్కడైనా “రాగ్నరోక్‌లో ఏగిర్ మరణం” అని చదివితే అది ఏదో గేమ్‌దో కామిక్‌దో అనుకోండి, వ్యాసంలోకి రానివ్వకండి.